ఎదురు షాపులో కొన్న బోర్డు

ప్రియమైన అక్కకి,

ఫోన్ చేస్తే నువ్వు మధ్యలో అందుకుంటావు, నేను అసలు మాట మింగేస్తాను. అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదివాకే తిట్టు.

కొత్త ప్రాసెసర్, మదర్‌బోర్డ్ కొన్నాను. బావ షాపులో కాదు, ఎదురు షాపులో. ఇది చదివి చేతిలో కప్పు కింద పెట్టేసి ఉంటావు. మన ఇంట్లో ఎవరికి మౌస్ కావాలన్నా బావ షాపుకే వెళ్లాలి కదా.

నా పని సంగతి నీకు తెలుసు. చిన్న యానిమేషన్ ముక్క తయారవ్వాలంటే ఈ పాత కంప్యూటర్ రోజంతా మూలుగుతుంది. ఆలస్యమైందని స్టూడియో వాళ్లు పోయిన నెల నా పని వేరేవాళ్లకి ఇచ్చేశారు. ఇంకోసారి అలా జరిగితే ఇది మానేసి మళ్లీ ఏదో ఆఫీసులో కూర్చోవాల్సిందే. ఖరీదైన ప్రాసెసర్ కొనే తాహతు నాకు లేదు. చవకదే కొని, కంపెనీ పెట్టిన వేగం కంటే కాస్త పైకి తోసి వాడుకుందామనుకున్నాను. దాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. అన్నీ అందుకు ఒప్పుకోవు. ఒప్పుకునే చవకదాన్ని వెతికి పట్టుకున్నాను.

అలా వేగం పెంచనిచ్చే బోర్డు కావాలని ముందు బావనే అడిగాను. అందరి ముందూ నవ్వేసి, "నీకెందుకురా అవన్నీ? కాల్చుకుని మళ్లీ ఏడుస్తూ నా దగ్గరికే వస్తావు. ఇది తీసుకెళ్లు" అని మామూలు రకం చేతిలో పెట్టాడు. నా పక్కనే ఉన్న ఒకావిడకి మాత్రం నేనడిగిన బోర్డే మర్యాదగా ప్యాక్ చేసి ఇచ్చాడు. నాకు ముప్పై నాలుగేళ్లు అక్కా. చాలా చిన్నతనంగా అనిపించింది.

ఎదురు షాపులో ప్రాసెసర్ పేరు చెప్పి తీసుకున్నాను. బోర్డు దేనికి వాడతారని ఆ షాపాయన అడిగాడు. ఓవర్‌క్లాకింగ్ అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది, ఈయన కూడా నవ్వుతాడేమోనని. "మామూలు వాడకానికే" అని, ఆయన ఇచ్చిన బోర్డు తెచ్చేసుకున్నాను. తీరా బిగించి చూస్తే ఆ బోర్డు సెట్టింగుల్లో వేగం పెంచే వీలే లేదు. ప్రాసెసర్ సై అంటోంది, బోర్డు ఊహూ అంటోంది. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే పగిలింది నా దుత్తే. విప్పిన సరుకు వెనక్కి తీసుకోనన్నాడాయన.

అయినా సరే, బావ షాపు గడప ఇక తొక్కను. మీ ఇంటికి కూడా కొన్నాళ్లు రాలేను. ఏమీ అనుకోకు.

నీ తమ్ముడు


ఒరేయ్ మొండిఘటమా,

కప్పేమీ కింద పెట్టలేదు. టీ తాగడం అయ్యాక నీ ఉత్తరం ఇంకోసారి చదివాను.

నీ కోపం మీ బావ మీద కాదు, నా మీద ఉండాలి. అలాంటి బోర్డు నీకు ఇవ్వొద్దని ఆయనకి చెప్పింది నేనే. నా పేరు చెప్పలేక నవ్వి తప్పించుకున్నారు. అందరి ముందూ నవ్వినందుకు మాత్రం గట్టిగా అడిగేశాను.

నా భయం కంప్యూటర్ గురించి కాదు, నీ గురించి. పని త్వరగా అయిపోతే నువ్వు ఇంకో పని ఒప్పుకుంటావు, దాని మీద ఇంకోటి. కిందటేడు బల్ల మీదే కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో నీ పక్కన కూర్చున్నది నేను. సెలైన్ ఎక్కుతుంటే, "అక్కా, ఆ ఫైల్ వెళ్లిందా?" అని అడిగావు. నీ కంప్యూటర్ నెమ్మదిగా ఉంటే నువ్వూ నెమ్మదిస్తావనుకున్నాను. అమ్మ పోయినప్పటి నుంచి నిన్ను పెంచిన దాన్ని, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది? నీ గురించి భయపడటం తప్పని మాత్రం అనను.

మీ బావ అప్పుడే అన్నారు, "అది నెమ్మదిస్తే వాడు ఆగడే, దాని బరువు కూడా వాడే మోస్తాడు" అని. నేను వినలేదు. స్టూడియో వాళ్ల సంగతి నువ్వు నాతో ఒక్క మాటైనా అనలేదు. నిన్ను కాపాడుతున్నానని మురిసిపోతూ నీ పనికి నేనే అడ్డం కూర్చున్నాను. ఏడుపొచ్చింది.

నా మాట వెనక్కి తీసుకున్నానని ఆయనతో చెప్పేశాను. నువ్వు షాపుకి వెళ్లు. ఏ బోర్డు కావాలో, ఎందుకు కావాలో పదిమందిలో గట్టిగా చెప్పు. వేడికి తట్టుకునే కూలర్ కూడా అడగమన్నారు మీ బావ. తర్వాత దాన్ని ఎంత వేగంగా తోలుకుంటావో నీ ఇష్టం, నేనడగను. తిన్నావా, పడుకున్నావా అని మాత్రం అడుగుతాను. అది మానడం నావల్ల కాదురా.

అక్క