కొర్రమీను తిరిగేంత తొట్టి

లాల్‌దర్వాజా, 12-7-1938.

అన్నకు రాజమణి నమస్కారాలు. వడ్లు దంచాను, ఆరు చీరలు ఉతికాను, ఇప్పుడే కూర్చున్నాను.

చిన్నబిడ్డ ఆండాలుకు జ్వరం తగ్గింది గాని, వారం నుంచి మంచం పక్కనున్న రాతి తొట్టివైపే చూస్తూ పడుకుంటోంది, ఇటు గోడవైపు తిరగదు. అందులో అది పెంచుకునే కొర్రమీను ఉంది. చేప మూరెడు, తొట్టి వెడల్పు జానెడు. తిరగడానికి చోటు చాలదు. రోజూ సాయంత్రం నేను దాన్ని ఎత్తి బిడ్డవైపు కాక అవతలికి మొహం పెట్టి వదులుతాను. పొద్దున చూస్తే బిడ్డవైపే ఉంటుంది. పక్కింటి మహబూబ్ బీ, "మచ్లీకే తిరుగనీకి జాగ లేదు, పిల్ల ఎట్ల తిరుగుతది బహెన్?" అంది.

మీ షాబాదు బండలు ఐదు పంపు. మూడు మూరల పొడవు, రెండు మూరల వెడల్పు తొట్టి కట్టిస్తాను. వదినకు దగ్గు తగ్గిందా? పిల్లలకు దీవెనలు.

ఇది రాస్తుండగానే ఆండాలు తొట్టికి వీపు పెట్టి గోడవైపు తిరిగి పడుకుంది. బండలు మాత్రం ఆపకు. చేప ఎటు తిరిగి ఉందో తొట్టి దగ్గరికి పోయి నేనింకా చూడలేదు.