ఉగ్గాని దుకాణం గడప

కర్నూలు,
అక్టోబరు 1934

నా ప్రియమైన నాయనకు,

నీ జ్ఞానమణి ప్రేమతో రాస్తున్నది. ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించవద్దు. నేను బడి ఉద్యోగం మానేసి ఊరికి వచ్చేస్తున్నాను. కారణం నీకొక్కడికే చెబుతాను.

మిషను బంగళాకు అమెరికా నుంచి ఒక దొరసాని చుట్టపుచూపుగా వచ్చింది. మన తిండి, మన మనుషులు చూడాలని ఆమె ఆశ. ఇంగ్లీషు వచ్చునని నన్ను సంతకు తోడు పంపారు. సంత కిటకిటలాడుతోంది. మిరపకాయల ఘాటుకు ఆమె తుమ్ముతూనే నవ్వింది. కొర్రలు, జొన్నలు చేతిలో పోసి చూపించాను. నల్లమల నుంచి దిగిన సీతాఫలం విప్పి పెడితే గింజలు ఎక్కడ ఉమ్మాలో తెలియక తంటాలు పడింది. నాకూ సంబరంగానే ఉండింది, నాయనా. ఇది నా ఊరు అని చూపించుకుంటున్నట్టు గర్వపడ్డాను.

తర్వాత దేవేంద్రప్ప దుకాణంలో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటానంది. ఆమె లోపలికి పోయి బల్ల మీద కూర్చుంది. వెనకాలే నేను అడుగు పెట్టబోతే దేవేంద్రప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"యాడికి పోతాండావు? దొరసానమ్మ కూచోనీ. మీ మాలపేటోళ్లకు బయటే."

"ఏమంటున్నాడు?" అని దొరసాని ఇంగ్లీషులో అడిగింది. అందరూ నా వంకే చూస్తున్నారు. "తింటావా అంటున్నాడు, ఆకలి లేదన్నాను" అని చెప్పాను. ఆమె నమ్మింది. తినేదాకా ఎండలో కాచుకున్నాను. ఆ మాట మనకు కొత్త కాదు. దాన్ని నా నోటితో నేనే కప్పిపెట్టడం గుచ్చుతోంది. బడిలో పిల్లల ముందు నిలబడితే నోరు పెగలడం లేదు. బండి పంపించు.

నీ కూతురు,
జ్ఞానమణి


నాయనా,

బండి కట్టి ఉంటే విప్పించు. నేను రావడం లేదు.

తన తిరుగు ప్రయాణానికి ముందు ఇంకోసారి ఆ ఉగ్గాని తినాలని దొరసాని పట్టుబట్టింది. మళ్లీ తీసుకుపోయాను. ఆమె కూర్చుని తినడం మొదలుపెట్టాక నేను గడప మీద కాలు పెట్టాను. దేవేంద్రప్ప లేచాడు.

"పోయిన తూరి చెప్తే అర్థం కాల్యా? బయటుండు!"

ఆ రోజు అన్న మాట, ఇప్పుడన్న మాట, ఏదీ వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. బజ్జీ పట్టుకున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. చివరికి ఆమె, "ఇక్కడి ఆచారంలో నేనేం జోక్యం చేసుకోగలను? కాసేపు ఆగు, తినేసి వస్తాను" అంది.

నేను ఆగలేదు. జనంలోకి నడిచాను. వెనక నుంచి నా పేరు పిలుస్తోంది. ఆమెకు దారి తెలియదు, భాష తెలియదు. అయినా వెనక్కి చూడలేదు.

బెల్లం అమ్మే ఫాతిమా బీ నా మొహం చూసి, "ఏమ్మా, అట్లుండావు? ఈడ కూచో" అని గోనె మీద చోటిచ్చి, చెంబుతో నీళ్లిచ్చింది. అంతలో దొరసాని చెమటలు కక్కుతూ వచ్చింది. తిండి సగంలో వదిలేసి పరుగెత్తిందట. కాసేపు నిలబడి, నా పక్కనే గోనె మీద కూర్చుంది.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పినా మీరు తింటూనే ఉంటారేమోనని భయం."



మరునాడు మిషను పెద్ద దొర నన్ను పిలిచి, అతిథిని నడిబజారులో వదిలేసినందుకు క్షమాపణ అడగమన్నారు. అడగనన్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. దొరసానే అడ్డుపడి తప్పు తనదంది. ఇకమీదట అతిథులకు సంత చూపించే పని నాకు లేదు. బడి ఉంది.

దేవేంద్రప్ప మారలేదు. అతని కోసం నేను ఊరు విడిచి రాను. నాయనా, మిరపకాయలు అమ్మడానికి వచ్చినప్పుడల్లా నువ్వు ఆ దుకాణం వీధి తప్పించి సందులోంచి ఎందుకు పోతావో ఇప్పుడు తెలిసింది. ఈసారి వచ్చే ముందు కబురు పెట్టు. ఇద్దరం నడివీధిలోనే పోదాం.

నీ
జ్ఞానమణి