దిగేటప్పటి మలుపు

ఆదివారం సాయంత్రం,
పై వాటా.

కింది వాటాలో ఉంటున్న మందుల షాపు మేడమ్ గారికి,

పై వాటాలోని ఒకానొక మొండిదాని నమస్కారాలు. మళ్లీ ఆ కొండ రోడ్డెక్కితే నన్ను అక్కా అని పిలవకు అన్నావు కాబట్టి ఇలా మర్యాదగా మొదలుపెట్టాను. ఇక్కడ నేనూ, నా రెండు మోకాళ్లూ క్షేమం. అక్కడ తమరూ, తమరి కోపమూ క్షేమమని తలుస్తాను.

ఎక్కాను. ఇవాళ పొద్దున్నే ఎక్కాను. ఏం చేస్తావో చేసుకో.

ఆదివారం నా కత్తెరకి గిరాకీ ఎక్కువని తెలిసీ సెలూన్‌కి తాళం పెట్టి మరీ వెళ్లాను. కొండ మొదట్లో గేటు దగ్గర గార్డు నన్ను ఎగాదిగా చూసి, ఈ వయసులో సైకిలెందుకమ్మా, హాయిగా బస్సులో వెళ్లొచ్చుగా అన్నాడు. నీ నెత్తి మీద మిగిలిన నాలుగు వెంట్రుకల సంగతి నువ్వు చూసుకో, నా వయసు సంగతి నేను చూసుకుంటాను అన్నాను. గేటు తీశాడు.

మొదటి ఎత్తుకే ఊపిరాడలేదు. సీటు ఎత్తై కాలివేళ్ల కొసలే పెడల్‌కి అందుతుంటే నడుం పట్టేసింది. అయినా ఆగలేదు. రోడ్డు పక్క రాతి పిట్టగోడ, దాని అవతల లోయ, లోయ నిండా మబ్బు. ఇలాంటి చోట నువ్వుంటే హ్యాండిల్ వదిలేసి, రెండు చేతులూ చాచి కేక పెట్టేదానివి. నువ్వు లేవుగా, నేనే పెట్టాను. ఒక్కదాన్నే అరుస్తుంటే ఏడుపొచ్చింది.

సొరంగం దాటాక, పోయినేడు దిగుతూ నువ్వు జారిపడ్డ మలుపు దగ్గర మాత్రం ఆగాను. తడి ఆకులు రోడ్డంతా పరుచుకుని ఉన్నాయి. నీ భుజం ఎముక విరగ్గొట్టిన ఆకుల పిల్లలో, మనవలో కాబోలు. కాలితో అన్నిటినీ లోయలోకి తోసేశాను. కసితీరా తోశాను.

నా సీటు వెనక పట్టుకుని పరిగెడుతూ నాకు సైకిల్ నేర్పిందెవరు? నేను పడ్డప్పుడల్లా, ఏడుపు తర్వాత, ముందు ఎక్కు అని గదమాయించిందెవరు? ఆ మహాతల్లే ఇప్పుడు తన సైకిల్‌ని మెట్ల కింద కవరు కప్పి పడేసింది. రేపు తుక్కు కొనేవాడొస్తాడట. పైగా నాదీ అమ్మెయ్యాలట! ఊళ్లో అందరి నొప్పులకీ మందులిచ్చేదానివి, నీ భయానికి మాత్రం తుక్కువాణ్ణి పిలుస్తావా?

నేను అమ్మను. తొక్కుతాను. పడితే పడతాను. మాట్లాడకపోతే మానెయ్యి, నేనిలాగే నీ తలుపు కింద నుంచి ఉత్తరాలు తోస్తుంటాను.

ఇట్లు,
తమరికి ఏమీ కాని
పై వాటా మనిషి

తా.క. అక్కా, అసలు సంగతి విను. రేపు తుక్కువాడు రాకముందే మెట్ల కింద కవరు ఎత్తి చూడు. అక్కడున్నది నా సైకిల్. చూసుకోకుండా దాన్ని అమ్మేశావంటే మర్యాదగా ఉండదు. నేను కొండెక్కింది నీ సైకిల్ మీద. బ్రేకులు, టైర్లు కొత్తవి వేయించాను. దాన్ని కొండ మీద టీకొట్టావిడకి అప్పజెప్పి నేను బస్సులో దిగొచ్చాను. బస్సువాడు మనుషుల్నే ఎక్కించుకుంటాడు గానీ సైకిళ్లని ఎక్కించుకోడు, అడిగి చూశాను. అంచేత అది కిందికి రావాలంటే ఎవరో ఒకరు తొక్కుకుంటూ రావాలి. ఆ ఎవరో నేను కాదు. వచ్చే ఆదివారం నేను నా సైకిల్ మీద బయల్దేరతాను, నువ్వు బస్సులో వచ్చెయ్. దిగేటప్పుడు ఆ మలుపు దాకా నేను ముందుంటాను. ఆకులు మళ్లీ రాలి ఉంటే ఇద్దరం కలిసి తోద్దాం. అక్కణ్ణుంచి ఎప్పట్లాగే నువ్వే ముందు.

సీటు దించలేదు. నీ కొలతకే ఉంది.