మీ పేరు అడగకుండానే తీసుకున్నాను

చెర్నివ్‌త్సీ,
మార్చి 14

డెమ్యాన్ బాబాయికి,

జొర్యానా నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ ముగ్గురం కులాసా. అమ్మ మోకాలు ఎలా ఉంది, మీ తేనెటీగలు చలికాలం గట్టెక్కాయా, వెంటనే రాయండి. ఫోను చేయొచ్చు గానీ, ఈ సంగతికి ఫోనులో నాకు నోరు పెగలదు.

బాబుకి చివరికి ఏ పేరు ఖాయమైందని అడిగారు. సెవెరిన్. పోయిన ఆదివారం జ్ఞానస్నానం అయింది. నీళ్లు పోస్తే ఏడవలేదు సరికదా, ఫాదరు గడ్డం పట్టుకుని వదల్లేదు. మీ పేరే పెట్టాలని నాకుండేది. "బతికున్నవాడి పేరు అదే ఇంట్లో పసివాడికి పెట్టకూడదే పిల్లా! ఒక్క దేవదూత ఇద్దర్ని ఎక్కడని కాస్తాడు?" అని మీరు కసిరారు. మా అత్తగారూ మీ పక్షమే. ఆవిడే చర్చి పంచాంగం తిరగేసి ఈ పేరు తీసింది.

ఇంకో సంగతి అడిగారు. "మీ బడి నుంచి ఎవరో ఫోను చేసి డెమ్యానివ్నా గారున్నారా అంటే, అలాంటివాళ్లెవరూ లేరని పెట్టేశాను. ఎవరే ఆవిడ?" అని.

ఆవిడను నేనే బాబాయ్.

టీచరును ఒట్టి పేరుతో పిలవరు కదా, తండ్రి పేరు కలపాలి. కాగితాల్లో నేను రుస్లానివ్నాను, అంటే రుస్లాన్ కూతుర్ని. నా మూడో ఏట వెళ్లిపోయిన ఆ రుస్లాన్ మొహమే నాకు గుర్తులేదు. ఉద్యోగంలో చేరిన రోజు, "మిమ్మల్ని ఏమని పిలవాలి?" అని పిల్లలు అడగ్గానే బోర్డు మీద 'జొర్యానా డెమ్యానివ్నా' అని రాసేశాను. తొమ్మిదేళ్లుగా బడంతా అదే పిలుపు.

పెద్దవాళ్లు తండ్రి పేరు మార్చుకోవచ్చని ఈమధ్య చట్టం వచ్చింది. అర్జీ పట్టుకెళ్లాను. ఆఫీసులో ఆవిడ కళ్లజోడు మీదుగా చూసింది.

"కన్నతండ్రి పోయాడా?"

"ఉన్నాడు."

"మరి ఈ డెమ్యాన్ ఎవరు?"

"మా నాన్న."

"బాగానే ఉంది! పాస్‌పోర్టు, డిప్లొమా అన్నీ మార్చుకోవాలి. చెప్పులరిగిపోతాయమ్మాయ్."

"అరగనివ్వండి" అన్నాను.

అంత ధైర్యం అసలు కావలసిన రోజున లేకపోయింది. ఏడో తరగతిలో ఉండగా మంచు ముంచుకొస్తే, నా కోటు తీసుకుని మీరు ఆరు కిలోమీటర్లు నడిచి బడికొచ్చారు. "మీ నాన్నా?" అని టీచరు అడిగింది. తోటిపిల్లలు చూస్తున్నారు. "కాదు, మా అమ్మ మొగుడు" అన్నాను. మీరు తలుపు దగ్గరే ఉన్నారు. ఏమీ విననట్టే వచ్చి, నాకు కోటు తొడిగి బొత్తాలు పెట్టి, టోపీ చెవుల మీదికి లాగి వెళ్లిపోయారు. అమ్మకు కూడా చెప్పలేదు. మీరు విన్నారని నాకు తెలుసు. ఇన్నేళ్లూ క్షమించమని అడగలేకపోయాను.

ఆ మర్నాడు పొద్దున కూడా ఎప్పటిలాగే నాకు జడలు వేశారు. కాస్త గట్టిగానైనా లాగలేదు. ఆ చేతులకు ఎన్ని జన్మలెత్తి కృతజ్ఞత చెప్పుకోను?

కొత్త కాగితం నిన్ననే చేతికొచ్చింది. మీ పేరు బాబుకి వద్దన్నారు గానీ, నన్ను పెట్టుకోవద్దనలేదుగా!

ఈస్టరుకి బాబును తీసుకుని వస్తున్నాం. గేటు దగ్గర నిలబడి "నాన్నా" అని పిలుస్తాను. వినపడకపోతే మళ్లీ పిలుస్తాను.

ఇట్లు,
మీ కూతురు
జొర్యానా డెమ్యానివ్నా