తడి గోనె, పదకొండు లేజర్లు

బెంగళూరు

రాజన్నకు,

నీ తమ్ముడు ఈరేశు దండాలు. నేను బాగున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? వదిన, పిల్లలు ఎట్లున్నారు? ఆదోనిలో వాన పడిందా, లేక మబ్బులు ముఖం చూపించి కోసిగి దాటిపోయాయా? ఫోన్ చేస్తే సగంలోనే "సర్లేరా, ఓర్సుకో" అంటావు. ఉత్తరానికి అడ్డు రాలేవు, అందుకే రాస్తున్నాను.

ఒళ్ళు మండిపోతోందన్నా.

నా పని తెలుసు గదా. పొగగొట్టాల్లో విషవాయువును పసిగట్టే యంత్రాలకు ఇక్కడ ఆవగింజంత లేజర్లు తయారవుతాయి. వాటి వెలుగు కంటికి కనపడదు. కరెంటు కొంచెం కొంచెం పెంచుతూ ఎంత వెలుగు వస్తోందో నేను కొలవాలి. తెర మీద గీత నున్నగా పైకెక్కితే పాస్, మధ్యలో గుంట పడితే ఫెయిల్. మూడు వారాలుగా గుంటలే. పదకొండు లేజర్లు ఫెయిల్.

వాటిని రాగి పలకల మీద అతికించేది శారదక్క, మన కోసిగి మనిషే. ఇంజనీరు "అతుకు లోపం" అని రాసి, శనివారంతో ఆమెను మాన్పిస్తామన్నాడు. నేనూ తక్కువ తినలేదు. అందరి ముందే, "అక్కా, నీ సెయ్యి వణుకుతాంది, ఒప్పుకో" అన్నాను.

"నా సెయ్యి వణికితే నీ సెంప మీదే వణకల్లరా" అనింది.

బుధవారం బస్సు దొరక్క ఆలస్యంగా పోయాను. మొదటి లేజరు పెడితే గుంట సగం తగ్గింది. ఏం మారిందా అని చూస్తే, ఆ పొద్దున తడపని నా గోనెపట్టా ఎండిపోయి ఉంది.

గోనె ఏందంటావా? ఏసీకి గాలి ఎండిపోయి, ఏది ముట్టుకున్నా చిటుక్కున షాక్ కొడుతుంది. ఆ దెబ్బకు లేజర్లు చచ్చిపోతాయి. మన జిన్నింగ్ మిల్లులో దూది చేతికంటుకుని కొడుతుంటే తడి గోనె కట్టేవాళ్ళం గదా? అదే తెలివితో మూడు వారాల కింద కొలత బల్ల వెనక కట్టి, రోజూ పొద్దున నీళ్ళు చల్లేవాణ్ణి. ఇంజనీరు మెచ్చుకున్నాడు కూడా! కానీ లేజరు వెలుగు జానెడు గాలి దాటి, దాన్ని కొలిచే మీటరును చేరాలి. కరెంటు పెరిగేకొద్దీ దాని రంగు, అంటే తరంగం పొడవు, కాస్త కాస్త జరుగుతుంది. కొన్ని రంగులను గాలిలో తేమ తాగేస్తుంది, అక్కడే గుంట పడుతుంది. ఫోన్‌లో పాఠాలు చూసి ఇదంతా నేర్చుకున్నవాణ్ణి, నాకూ తట్టలేదు. చదువుకున్న ఆయనకూ తట్టలేదు.

గోనె తడిపాను, గుంట వచ్చింది. పీకి పారేసి, లేజరుకూ మీటరుకూ చుట్టూ డబ్బా మూసి, అందులో పొడి నైట్రోజన్ గ్యాస్ నింపి కొలిచాను. పదకొండూ పాస్.

"కారణం రాస్తే నీ పేరే రాయాలి. ఆలోచించుకో" అన్నాడు ఇంజనీరు.

ఆలోచించేదేముంది? "అతుకు లోపం" కొట్టేసి, "తడి గోనె, కట్టింది ఈరేశు" అని రాశాను. శారదక్క పని నిలిచింది. నన్ను ప్యాకింగ్‌లో పడేశారు. గోనెను మెచ్చుకున్న మనిషి మాత్రం తన కుర్చీలోనే ఉన్నాడు! కొలత బల్లకు మళ్ళీ పిలుస్తారో లేదో తెలియదు. అమ్మకు చెప్పొద్దు.

రెండు రోజులు శారదక్క నన్ను చూస్తే పక్క దారిన పోయింది. ఈరోజు నా అట్టపెట్టెల మధ్య బొరుగుల ఉగ్గాని డబ్బా పెట్టింది. మన పక్క ఉగ్గానే, ఆరు నెలల తర్వాత!

"తినప్పా. బొరుగులు నానేసి గట్టిగా పిండినాను. తడి లేదు, కొల్సుకో" అనింది.

తిన్నానన్నా. ఏమీ కొలవలేదు.

ఆదోని నుంచి ఎవరైనా వస్తుంటే శెనక్కాయల పొడి పంపు. రెండు పొట్లాలు, ఒకటి అక్కకు. నాన్నకు, పెద్దమ్మకు నా దండాలు. ఆ బల్ల దగ్గరికి మళ్ళీ చేరాలని దీవించండి.

మీ కోపిష్టి
ఈరేశు