మెట్లెక్కే బొమ్మ

ఫిబ్రవరి 3, మంగళవారం

ఈ వయసులో నాకు ఉద్యోగం వచ్చింది! జీతం లేదు, హోదా మాత్రం జడ్జి. మా అమ్మాయి తన గదిలోకి పిలిచి, తన కుర్చీ నాకిచ్చి, తను స్టూల్ మీద కూర్చుంది. సినిమా హాల్లో టార్చిలైటు పట్టుకుని అందరికీ సీట్లు చూపించినవాణ్ణి. నాకు ఒకరు సీటు చూపించడం ఇదే మొదలు. కళ్లు చెమర్చాయి. కంప్యూటర్ వెలుతురుకి అని చెప్పాను.

పగలంతా గ్రాఫిక్స్ ఆఫీసులో, ఫైటింగుల్లో హీరోల నడుముకి కట్టిన వైర్లు ఫ్రేము ఫ్రేముకీ చెరిపి వస్తుంది పిచ్చితల్లి. ఇంటికొచ్చాక మళ్లీ తన షార్ట్ ఫిలిం. ఒక ముసలాయన ఎవరిదో గొడుగు తిరిగివ్వడానికి మెట్లెక్కుతాడు. అంతే కథ. మెట్లు మా బిల్డింగువే. ముసలాయన మాత్రం తల నుంచి కాలి దాకా గ్రాఫిక్స్. అది పంపే గ్రాఫిక్స్ పోటీలో బొమ్మ ఎంత మనిషిలా ఉంటే అంత ఎక్కువ మార్కులట. పోయినేడు పంపితే, బొమ్మ నడకలో ఒంటి బరువు లేదని వెనక్కి కొట్టారు. ఈసారి కూడా కాదంటే సొంత సినిమా ఊసెత్తనని, జీవితాంతం వైర్లు చెరుపుకుంటూ కూర్చుంటానని అంది. నవ్వుతూనే అంది. నాకే నవ్వు రాలేదు.

తను చూపించే ముక్కల్లో ఏది కెమెరాతో తీసిందో, ఏది కంప్యూటర్లో చేసిందో నేను చెప్పాలి. అదీ నా డ్యూటీ.

ఫిబ్రవరి 5, గురువారం

అన్నీ అసలే అన్నాను. ప్రతి ఒక్కటీ. అద్భుతం తల్లీ, బంగారం తల్లీ అన్నాను. తండ్రి నోట ఇంకేం వస్తుంది? వాటిలో ఒకదాంట్లో ముసలాయన పాదం మెట్టులోంచి దూసుకుపోయిందట. దానికీ చప్పట్లు కొట్టాను.

అమ్మాయి తల పట్టుకుంది. "నాన్నా, ప్రేమ తర్వాత చూపిద్దువుగానీ. ముందు నీ కళ్లు కాస్త అప్పివ్వు."

ఫిబ్రవరి 6, శుక్రవారం

కళ్లజోడు సబ్బుపెట్టి కడిగాను. ఇక మొహమాటం లేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

రెండు ముక్కలు చూపించింది. రెండూ వెనక నుంచే. మొహం కనపడదు, బట్టల్ని బట్టి పోల్చుకోకుండా రంగులు కూడా తీసేసింది. మొదటి దాంట్లో ముసలాయన నిటారుగా, మెట్టుకో అడుగు చొప్పున చక్కగా ఎక్కిపోయాడు. రెండో దాంట్లో గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి ఎక్కాడు. సగంలో ఆగి జేబులో ఏదో వెతుక్కున్నాడు.

మొదటిది అసలు, రెండోది బొమ్మ అన్నాను. కారణాలు కూడా చెప్పాను. కొంచెం ఎక్కువైంది, మనిషన్నవాడు ఇంతలా ఈడ్చుకుంటూ నడుస్తాడా, జాలిపడమని అడుక్కుంటున్నట్టుంది అన్నాను. జడ్జినంటే జడ్జినే అనుకున్నాను.

అమ్మాయి నా మోకాళ్ల వైపు చూసింది.

మడతపెట్టిన బట్టలు తెచ్చిన మా ఆవిడ స్క్రీన్ కేసి ఓ చూపు విసిరి, రెండోది మీరేగా అంది. మొహం లేకుండా ఎలా చెప్పావే అంటే, ఆ నడక కోసం తలుపు దగ్గర నిలబడేది నేనేగా అంది. "తాళాలు ఎప్పుడూ నా దగ్గరే ఉంటాయి. ఆ జేబులో ఏం వెతుకుతారో నాకు తెలీదనుకున్నారా?"

బట్టలు మంచం మీద పెట్టి వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 9, సోమవారం

ఒళ్లంతా నీరసం. కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

అమ్మాయే వచ్చి పక్కన కూర్చుని చెప్పింది. పోయినేడు నేను మెట్లెక్కుతుంటే వెనక నుంచి ఫోన్లో తీసిందట. బొమ్మకు నా నడక నేర్పుదామని. తీరా చూస్తే తట్టుకోలేకపోయిందట. మోకాళ్లు సరిచేసింది, నడుము నిలబెట్టింది, ఆయాసం తీసేసింది. అదే ఆ చక్కటి మొదటి ముక్క, పోయినేడు పోటీకి పంపింది. వైర్లు చెరిపే చెయ్యి కదా, తండ్రి అలసట కూడా చెరిపేసింది!

ఎంత పొంగిపోయానో రాయలేను. ఎంత అలసిపోయానో కూడా.

అందుకే వాళ్లు బరువు లేదన్నది. చెరిపిందంతా మళ్లీ పెట్టమన్నాను. గోడ మీది చెయ్యితో సహా. ఆయాసం దాచుకోడానికి నేను తడుముకునే ఆ జేబుతో సహా. తనకి అనుమానం వచ్చిన చోటల్లా చూసుకోమని మళ్లీ మళ్లీ ఎక్కి చూపించాను. ఆయాసం దాచుకోకుండా ఎక్కితే ఎంత హాయిగా ఉందో.

ఫిబ్రవరి 20, శుక్రవారం

పంపేసింది. కీబోర్డు మీదే తల వాల్చి నిద్రపోతోంది.

మార్చి 25, బుధవారం

పోటీ జడ్జీల దగ్గర్నుంచి మెయిల్. ఆ పెద్దాయన నటుడని, నిజం మనిషేనని వాళ్ల అనుమానమట! గ్రాఫిక్స్ పోటీకి కెమెరాతో తీసింది చెల్లదు, మనిషి కాడని రుజువు చెయ్యమన్నారు. అమ్మాయి నేల మీద కూలబడి నవ్వింది, ఏడ్చింది. లేచి, చర్మం తొడగని బొమ్మ ఫైళ్లన్నీ పంపింది. సాయంత్రానికి ఒప్పుకున్నారు. సెలెక్ట్ చేశారు.

వాచ్‌మన్‌కి చెప్పాను. పాలవాడికి చెప్పాను. ఫోన్ తప్పు నంబరుకి వెళ్తే ఆయనెవరికో కూడా చెప్పాను. పాపం, చాలా సంతోషించాడు.

మార్చి 26, గురువారం

కూరల సంచితో సగం మెట్ల మీద ఆగాను. జేబులో చెయ్యి పెట్టలేదు. పైన తలుపు దగ్గర మా ఆవిడ. ఆ బొమ్మే నయం, ఆగినా ఏదో ఒకటి వెతుక్కుంటుంది అంది.

దిగొచ్చి సంచి అందుకుంది.