అద్దాల పెట్టెలో ఉన్న మా నాన్నమ్మ ముఖాన్ని మాకు అప్పగించుట గురించి

మ్యూజియం ప్రధానాధికారి గారి సముఖమునకు,
బడి బస్సు డ్రైవరు సమర్పించుకొను అర్జీ.

విషయం: రెండవ అంతస్తులోని ‘మానవ జాతులు’ గదిలో, కిటికీ వైపు అద్దాల పెట్టెలో ఉంచిన ప్లాస్టరు ముఖం మా నాన్నమ్మది అయినందున దానిని ప్రదర్శన నుండి తొలగించి మా కుటుంబానికి అప్పగించుట, మరియు మరణించిన మా మేనత్తపై తమ కార్యాలయం పెట్టిన కేసును ఉపసంహరించుకొనుట గురించి.

అయ్యా,

ఇదే విషయమై నేను ముందు పెట్టుకున్న అర్జీకి తమ కార్యాలయం నుంచి జవాబు అందింది. అందులో నన్ను ‘సందర్శకుడు’ అని పేర్కొన్నారు. నేను సందర్శకుడిని కాను, ఆ ముఖానికి బంధువును. కనుక జరిగినది మొదటి నుంచి మనవి చేసుకుంటున్నాను.

1. మా బడి పిల్లలను విహారయాత్రగా తమ మ్యూజియానికి తీసుకువచ్చిన బస్సు నడిపినది నేనే. నా కూతురు కూడా ఆ బడిలోనే చదువుతున్నది. పిల్లలు లోపలికి వెళ్ళారు, నేను బయట అద్దాలు తుడుచుకుంటూ ఉన్నాను. తిరిగి వచ్చేటప్పుడు అందరూ కేకలు వేసుకుంటూ ఎక్కారు. నా కూతురు మాత్రం స్వెటరు ముఖానికి చుట్టుకుని ఎక్కింది. కడుపునొప్పి అనుకున్నాను. ఇంటికి వచ్చాక కూడా తీయకపోయేసరికి వాళ్ళమ్మ బతిమాలింది.

“అక్కడ పెట్టెలో ఒక ముఖం ఉందమ్మా. అచ్చం నాలాగే ఉంది. మా క్లాసు వాళ్ళు నన్ను దాని పక్కన నిలబెట్టి, కళ్ళు మూసుకోవే అని ఫొటోలు తీశారు. టీచరు కూడా నవ్వింది.”

కాసేపటికి నా దగ్గరకు వచ్చి, “నాన్నా, పెద్దయ్యాక ముక్కు మారుతుందా?” అని అడిగింది. ఆ మరునాటి నుంచి బడికి వెళ్ళనని పట్టు పట్టింది.

2. నేను టిక్కెట్టు కొనుక్కుని వచ్చి చూశాను. గోధుమరంగు గుడ్డ మీద వరుసగా ముఖాలు పెట్టారు. అన్నీ కళ్ళు మూసుకునే ఉన్నాయి. పిల్ల చెప్పిన ముఖం కింద చీటీ మీద ఇలా ఉంది: ‘స్త్రీ. నడివయస్సు. ముక్కు చదును, పెదవులు మందము, నుదురు ఇరుకు. ఈ జాతికి మంచి నమూనా.’ ఎడమ కనుబొమ మధ్యలో గాటు ఉంది. ఆ గాటు గురించి చిన్నప్పటి నుంచి మా మేనత్త నోట వింటూనే పెరిగాను. నాన్నమ్మ పిల్లగా ఉన్నప్పుడు తలుపు గడియ తగిలి పడిన గాటు అది.

3. మా మేనత్తకు చెప్పాను. ఆమె చెప్పినది ఆమె మాటల్లోనే మనవి చేస్తున్నాను.

“టీకాలు వేస్తామని పిలిచారు రా. అమ్మ నన్ను కూడా తీసుకెళ్ళింది. దవాఖానా వరండాలో బల్ల మీద పడుకోబెట్టి, ముఖానికి నూనె రాసి, ముక్కుల్లో రెండు గొట్టాలు పెట్టి, తడి సున్నంలాంటిది కుమ్మరించారు. అమ్మ కాళ్ళు కొట్టుకుంటుంటే ఒకడు గట్టిగా పట్టుకున్నాడు. మనవాడే. దొర ఏదో అన్నాడు, మనవాడు దాన్ని మన భాషలో చెప్పాడు, ‘కదిలితే పాడైపోతుంది, కదలకు’ అని. ఊడబీకేటప్పుడు కనుబొమల వెంట్రుకలు కూడా వచ్చేశాయి. లేచి ముఖం తుడుచుకుని, ‘ఏం లేదు, పద’ అంది. అంతే. చచ్చేదాకా ముఖం మీద దుప్పటి పడనివ్వలేదు. ఎంత చలి అయినా సరే.”

నాన్నమ్మ ఆ తరువాత ఎవరినీ ఫొటో తీయనివ్వలేదు. ఇది ముఖ్యమైన సంగతి, ఎందుకంటే,

4. ఆ ముఖం మా నాన్నమ్మదే అనడానికి ఆధారం చూపమని తమ కార్యాలయం వారు అడిగారు. అయ్యా, మా నాన్నమ్మ ముఖానికి లోకంలో మిగిలిన ఒకే ఒక్క ఆధారం తమ పెట్టెలోనే ఉంది. ఇంకొకటి కావాలంటే నా కూతురిని పంపగలను. కానీ ఆమె రానంటోంది.

5. మేనత్త చూస్తానంది. ఆదివారం తీసుకువచ్చాను. మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది, మధ్యలో కూర్చుంటే అక్కడ కూర్చోకూడదన్నారు, లేచింది. పెట్టె ముందు నిలబడి, ఎదురింటి మనిషిని పలకరించినట్టు, “అమ్మా, ఇక్కడున్నావా?” అంది. అరచెయ్యి అద్దానికి ఆనించింది. తరువాత నుదురు ఆనించింది. అప్పుడు పెట్టెకు బిగించిన గంట మోగింది. కాపలాదారు పరుగెత్తుకు వచ్చి, “దూరం! దూరం జరగండి!” అని ఆమె భుజం పట్టి లాగాడు. అతడిది చెడ్డ ఉద్దేశమని నేను అనను, గంట మోగితే లాగమని అతడికి నేర్పి ఉంటారు. ఆమె పడిపోయింది. తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రిలో ఆమె నొప్పి గురించి మాట్లాడేది కాదు. “అమ్మని అక్కడ ఉంచకండి రా. అందరూ వచ్చి చూస్తున్నారు” అని ఒకటే మాట. ఊపిరితిత్తులకు జబ్బు పాకింది. ఇంటికి తిరిగి రాలేదు.

6. అంత్యక్రియలు అయిన వారానికి ఆమె పేరు మీద తమ నోటీసు వచ్చింది. ‘వారసత్వ సంపదకు హాని తలపెట్టినందుకు’ స్వయంగా హాజరు కావాలట. ఆమె హాజరు కాలేదని తిరిగి నోటీసులు పంపవద్దని ప్రార్థన.

7. తమ మ్యూజియం కింది అంతస్తు దుకాణంలో బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకునే బరువులు అమ్ముతున్నారు. ఆ ముఖాలే, చిన్నవిగా చేసి. మా నాన్నమ్మది కూడా ఉంది. ఒకటి కొన్నాను. రసీదు జతపరచడమైనది. కొన్నానే కానీ దాన్ని ఇంట్లో ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పారేయలేను, బల్ల మీద పెట్టలేను. బస్సులో నా సీటు పక్క అరలో, మెత్తటి గుడ్డలో చుట్టి ఉంచాను. గుంతలు వచ్చినప్పుడు తెలియకుండానే నెమ్మదిగా నడుపుతున్నాను.

8. తమ కార్యాలయంలో ఒక అమ్మాయి నాకు మంచినీళ్ళు ఇచ్చి మర్యాదగా మాట్లాడింది. “దాచేస్తే చరిత్రను దాచారంటారండీ, చూపిస్తే ఇలా అంటారు. మేం ఏం చేయాలి?” అంది. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఇక్కడ చెబుతున్నాను. చరిత్రను చూపించండి. ఆ బల్లను చూపించండి. ముక్కుల్లో పెట్టిన గొట్టాలను చూపించండి. ‘మంచి నమూనా’ అని రాసిన దొర ముఖాన్ని పెట్టెలో పెట్టి, అతడి ముక్కు ఎలాంటిదో, నుదురు ఎంత వెడల్పో చీటీ రాయండి. కాళ్ళు పట్టుకున్న మనవాడిని కూడా చూపించండి. ఆమెను మాత్రం వదిలిపెట్టండి.

అందరూ ఇలా అడిగితే గది ఖాళీ అవుతుందని తమ జవాబులో రాశారు. అయితే కానివ్వండి. ఖాళీ గదిలోకి వచ్చిన పిల్లలు ఇక్కడ ఏముండేదని అడుగుతారు, అప్పుడు తమరే చెప్పవచ్చును.

కావున తమరు దయతో విచారించి, ఆ ముఖాన్ని మాకు అప్పగించవలెననీ, బరువుల అమ్మకం ఆపించవలెననీ, చనిపోయిన మనిషి మీద కేసు కొట్టివేయవలెననీ కోరుతున్నాను. మేనత్తను పూడ్చిన చోట పక్కనే స్థలం అడిగి ఉంచాము. పెద్దగా అక్కరలేదు, ముఖానికి సరిపడా చాలు.

ఇంతవరకు చిత్తగించినందుకు కృతజ్ఞతలు; కింద రాసినది కూడా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బడి బస్సు డ్రైవరు

తా.క.: వచ్చే వారం మరో బడి పిల్లలను తమ మ్యూజియానికి తీసుకురమ్మని మా బస్సుల కంపెనీ వారు నాకు డ్యూటీ వేశారు. ఈసారి నేను బయట ఉండను. బస్సుకు తాళం వేసి, టిక్కెట్టు కొనుక్కుని, పిల్లలతో పాటు పైకి వస్తాను. అద్దాన్ని తాకను. పెట్టె పక్కన నిలబడి, వచ్చిన ప్రతి బిడ్డకూ “ఈమె మా నాన్నమ్మ” అని చెబుతాను. మా మేనేజరు ఏమైనా అంటే అది నేను చూసుకుంటాను. ఈ కాగితం రాస్తుంటే నా కూతురు భుజం మీదుగా చదివి, తనూ వస్తానంది. వద్దన్నాను, వినడం లేదు. తమ గోడ మీది బోర్డు చదివాను సార్, లోపల గట్టిగా మాట్లాడకూడదని మాత్రమే ఉంది. మేం నెమ్మదిగానే చెబుతాం.